మా ఊరికి ఎఫ్ఎం వస్తే ఏం పెట్టాలి? పాటలు కాకుండా చెప్పండి

గునుపూడి వాసి (భీమవరం)
14 సెప్టెంబరు 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. పోయిన నెల 28న కేంద్ర కేబినెట్ 234 కొత్త ఊళ్లలో 730 ప్రైవేట్ ఎఫ్ఎం చానళ్లు వేలం వేయడానికి ఒప్పుకుంది కదా. ఆ జాబితాలో ఆంధ్రావి 22 ఊళ్లు, తెలంగాణవి 10. నంద్యాల, చీరాల, మదనపల్లె, సూర్యాపేట, మంచిర్యాల లాంటివన్నీ ఉన్నాయి. మా భీమవరం కూడా ఉంది.

నాది చిన్న యాడ్ ఏజెన్సీ. ఫ్లెక్సీలు, ఆటో మైకు ప్రచారం, లోకల్ కేబుల్లో కింద పోయే స్క్రోలింగులు. ఈ ఎఫ్ఎం వేలంలో దిగుదామని ముగ్గురు పెద్దమనుషులు నన్ను కూడా కలుపుకున్నారు. డబ్బు వాళ్లది. నా దగ్గరున్నదల్లా ఏ షాపువాడు ఎప్పుడు డబ్బులిస్తాడో, ఎవడు మూడు నెలలు తిప్పుతాడో తెలియడమే.

మొన్న కూర్చుంటే ముగ్గురిదీ ఒకటే పాట. పొద్దున భక్తి, తర్వాత హిట్లు, మధ్యలో ఎవడికో ఫోన్ చేసి ఏడిపించడం. హైదరాబాద్‌లో నడుస్తోందిగా, ఇక్కడెందుకు నడవదు అంటారు. నాకు అక్కడే గుబులు పట్టుకుంది. పాట కోసం ఇప్పుడు రేడియో ఎవరు పెడతారు? మా నాలుగో క్లాసు పిల్ల కూడా ఫోన్‌కి నోటితో చెప్పి కావాల్సిన పాట వేయించుకుంటోంది.

కాబట్టి నా ప్రశ్న ఇది. ఒకరోజు స్టేషన్ మూగబోతే "ఇవాళ రాలేదేంట్రా" అని మీరు వెతుక్కోవాలి. అలా వెతుక్కునేది ఏముంటుంది? పిచ్చి ఆలోచన అయినా పర్లేదు. డబ్బు సంగతి నేను చూసుకుంటాను.

—

మాజీ ఆర్జే (హైదరాబాద్)
14 సెప్టెంబరు, రాత్రి 10:25

మీ పెద్దమనుషులకి నా తరఫున ఒక దండం పెట్టండి. ఆరేళ్లు ఎఫ్ఎంలో చేసి బయటికొచ్చాను.

అన్ని స్టేషన్లూ ఒకేలా ఎందుకుంటాయో చెబుతాను. కంప్యూటర్లో కొన్ని వందల పాటల లిస్ట్ ఉంటుంది, అవే తిరుగుతుంటాయి. కొత్త పాట రాగానే పల్లవి ముక్క జనానికి వినిపించి "విసుగొచ్చిందా, ఇంకా వింటారా" అని అడుగుతారు. ఎవరికీ నచ్చనిదే కాదు, కొందరికి మరీ నచ్చి కొందరికి నచ్చనిది కూడా లిస్టులోంచి పోతుంది. మిగిలేది ఎవరూ చానల్ మార్చని పాట. 1950లలో అమెరికాలో ఒమాహా అనే ఊళ్లో టాడ్ స్టోర్జ్ అనే స్టేషన్ యజమాని ఒక హోటల్లో కూర్చుని ఉంటే, రోజంతా జ్యూక్‌బాక్స్‌లో మోగిన పాటనే కట్టేసే వేళకి సర్వర్ అమ్మాయి తన చిల్లర వేసి మళ్లీ పెట్టుకుందట. టాప్ 40 అనే పద్ధతి అక్కడ పుట్టిందని మా ట్రైనింగులో కథలా చెప్పేవారు. నిజమో కాదో కానీ డెబ్బై ఏళ్లుగా మనం ఆ అమ్మాయి చిల్లర మీదే బతుకుతున్నాం.

ఇక మాట. పాటకీ పాటకీ మధ్య నలభై సెకన్లు. అది దాటితే ప్రోగ్రామింగ్ హెడ్ అద్దం అవతల నుంచి పీక కోసినట్టు సైగ చేసేవాడు.

నేను మానేసింది మాత్రం వేరే కారణానికి. రాత్రి షోలు సాయంత్రమే రికార్డు చేసి కంప్యూటర్‌కి ఎక్కించి ఇంటికి వెళ్లిపోయేవాళ్లం. ఒక రాత్రి కుండపోత. ఇంటికి పోతూ బండి నీళ్లలో ఆగిపోయి ఫ్లైఓవర్ కింద నిలబడ్డాను. నా పక్కన ఆటోలో రేడియో మోగుతోంది. అందులో నేనే! "చల్లటి గాలి, చక్కటి రాత్రి, డాబా మీదకెక్కి చుక్కలు చూస్తున్నారా" అంటున్నాను. ఆటో అతను రేడియో కట్టేసి "వీడెక్కడున్నాడ్రా బాబూ" అన్నాడు. ఆ టైంలో స్టేషన్లో వాచ్‌మన్ తప్ప మనిషి లేడు.

ఏ ఫార్మాటైనా పెట్టండి. మైకు ముందు మాత్రం ఒక మనిషిని ఉంచండి.

—

స్పెక్ట్రమ్ సుబ్బు
14 సెప్టెంబరు, రాత్రి 11:10

ఐడియాలు కురిసేలోపు రూల్స్ చెప్పేస్తాను, తర్వాత ఏడవకుండా.

ప్రైవేట్ ఎఫ్ఎం సొంతంగా వార్తలు చదవకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ని ఒక్క ముక్క మార్చకుండా అలాగే ప్రసారం చేయొచ్చు, అంతే. అయితే 2011 నాటి ఫేజ్ 3 (మూడో విడత ఎఫ్ఎం లైసెన్సుల) విధానంలో కొన్నిటిని వార్తల లెక్కలోంచి తీసేశారు. ట్రాఫిక్, వాతావరణం, ఆటల సమాచారం, పండగలు, సాంస్కృతిక కార్యక్రమాలు, పరీక్షలు, ఫలితాలు, అడ్మిషన్లు, ఉద్యోగ ఖాళీలు, ఇంకా స్థానిక అధికారులు ఇచ్చే కరెంటు, నీళ్లు, ఆరోగ్యం, ప్రకృతి విపత్తుల ప్రకటనలు. చదివితే చిన్న లిస్టే. కానీ మన స్టేషన్లలో ఎవరూ సరిగ్గా వాడని గని ఇది.

వార్షిక లైసెన్స్ ఫీజు స్థూల ఆదాయంలో 4 శాతం. వేలంలో కట్టే డబ్బు దీనికి అదనం.

—

కోడిపుంజు
14 సెప్టెంబరు, రాత్రి 11:32

భీమవరం అన్నాక ఫార్మాట్ గురించి ఆలోచనెందుకండి. సంక్రాంతి మూడు రోజులు కోడిపందేల బరుల దగ్గర నుంచి లైవ్ కామెంటరీ. ఏడాది డబ్బులు మూడు రోజుల్లో వచ్చేస్తాయి.

—

స్పెక్ట్రమ్ సుబ్బు
14 సెప్టెంబరు, రాత్రి 11:35

లైసెన్స్ కూడా మూడు రోజుల్లోనే పోతుంది.

—

కుట్టుమిషన్ (పాలకొల్లు)
15 సెప్టెంబరు, ఉదయం 6:50

నేను రోజుకి తొమ్మిది గంటలు రేడియో వినే మనిషినండి, అందుకని రాస్తున్నాను. జాకెట్లు కుడతాను. కుట్టేటప్పుడు కళ్లు సూది మీద, చేతులు గుడ్డ మీద, కాలు పెడల్ మీద. ఖాళీగా ఉండేవి చెవులే. ఫోన్లో ఏదైనా పెడితే మధ్యలో యాడ్ వస్తుంది, లేచి దాటించాలి. వేళ్లకి సుద్ద ఉంటుంది, మిషన్ నూనె ఉంటుంది, పట్టుచీర జాకెట్టు ముక్క చేతిలో ఉంటుంది. ఎలా లేస్తాను? రేడియో అయితే పొద్దున్నే మీట తిప్పితే సాయంత్రం దాకా దాని పని అది చేసుకుంటుంది.

నాకు పాటలు వద్దని కాదు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మాత్రం పాట వింటే నిద్రొస్తుంది. ఆ టైంలో కథ కావాలి. చిన్నప్పుడు మా అమ్మ ఆదివారం మూడింటికి వివిధభారతిలో సంక్షిప్త శబ్దచిత్రం పెట్టేది. సినిమా మొత్తం చెవులతో చూసేవాళ్లం. హీరోయిన్ చీర రంగు ఏమిటని నేనూ మా అక్కా కొట్టుకునేవాళ్లం, ఆమె మాకు కనపడితేగా! అలాంటిది రోజూ ఉంటే మా వీధిలో నలుగురు టైలర్లం, ఇద్దరు పూలు కట్టేవాళ్లం, మేం అందరం వింటాం.

ఇంకో చిన్న కోరిక. ఇవాళ కరెంట్ ఎప్పుడు పోతుందో పొద్దున్నే చెప్పండి. పోయే లోపల మోటారు మిషన్ మీద పికో పని చేసుకుని, పోయాక హుక్సులు, హెమ్మింగు పెట్టుకుంటాను. ఇది చెప్పే స్టేషన్ ఉంటే ఇంకో స్టేషన్ వైపు చూడను.

—

క్యూషీట్ (విజయవాడ)
15 సెప్టెంబరు, ఉదయం 8:15

అమ్మా, మీ పోస్టు చదివి కళ్లు చెమర్చాయి. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా చాలా ఏళ్లు చేశాను.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఇప్పటికీ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు భక్తిరంజని పెట్టారు. ఉషశ్రీ గారు ఆదివారం మధ్యాహ్నం పురాణం చెబుతుంటే వీధిలో నడిచివెళ్లే వాడికి ఒక్క వాక్యం తప్పేది కాదని అందరూ అంటారు. ఒక ఇంటి అరుగు దగ్గర మొదలైన వాక్యం పక్కింటి కిటికీ దగ్గర పూర్తయ్యేది. ఇవన్నీ తలుచుకుని మురిసిపోవడానికి రాయడం లేదు. వాటికి ఒక టైం ఉండేది. ఆ టైంకి జనం పని సర్దుకుని వచ్చేవారు. ఇప్పటి ఎఫ్ఎంలో ఎప్పుడు పెట్టినా ఒకటే కాబట్టి ఎప్పుడూ పెట్టనక్కర్లేదు.

కానీ గునుపూడి గారూ, ఒక హెచ్చరిక. నాటకం మాటలు కాదు. గంట నాటకానికి రచన, ఆర్టిస్టులు, రిహార్సల్, రికార్డింగ్, ఎడిటింగ్ కలిపి మాకు వారం పట్టేది. అందులో ఒక తలుపు చప్పుడు కోసమే పూట గడిచిన రోజులున్నాయి. రోజుకి మూడు గంటల కథ అంటే మీ పెద్దమనుషులు మూడో నెలలో పారిపోతారు. పావుగంట సీరియల్‌తో మొదలుపెట్టండి, అదే సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి తిరిగి వేయండి.

—

పాడ్‌కాస్ట్ పిచ్చోడు (బెంగళూరు)
15 సెప్టెంబరు, ఉదయం 11:05

ఎవరూ అనడం లేదు కాబట్టి నేనంటాను. రేడియో పని అయిపోయింది గురూ. సగం కొత్త ఫోన్లలో ఎఫ్ఎం రిసీవరే పనిచేయదు. ఉన్నవాటిలో కూడా ఇయర్‌ఫోన్ వైరు పెడితేనే యాంటెన్నా, ఇప్పుడు అందరివీ వైర్లెస్సులే. ఎఫ్ఎం తీసేయొద్దని పోయినేడాది కేంద్రం కంపెనీలకి సలహా ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. ఫార్మాట్ ప్రయోగాలు కూడా చూశాం. 2007లో ఢిల్లీలో ఆడవాళ్ల కోసమని మియావ్ ఎఫ్ఎం అని మాటల స్టేషన్ పెట్టారు. తర్వాత పేరు మార్చి పాటల్లోకి దిగిపోయారు. వరల్డ్‌స్పేస్ శాటిలైట్ రేడియోలో తెలుగుకి స్పందన అని ఒక చానలే ఉండేది, 2009 డిసెంబరు 31తో మొత్తం దుకాణం కట్టేశారు. ఆ డబ్బా మా నాన్న ఇంకా అటక మీద దాచుకున్నారు.

యాప్ పెట్టండి, వాట్సాప్ చానల్ పెట్టండి. టవరెందుకు?

—

సింగ్‌నగర్ రెండో అంతస్తు (విజయవాడ)
15 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:20

టవరెందుకో నేను చెబుతాను.

పదిహేను రోజుల కిందట, ఈ నెల ఒకటో తారీకున బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చింది. కింది అంతస్తు మునిగింది. కరెంట్ పోయింది. ఆ రాత్రికి నా ఫోన్, మర్నాడు మా ఆవిడ ఫోన్ చచ్చిపోయాయి. పవర్ బ్యాంకు కింద ఇంట్లో నీళ్లలో ఉంది. ఆ తర్వాత మాకు ప్రపంచం అంటే కిటికీలోంచి కనిపించేదే. పడవ ఎక్కడికొస్తోంది, పాల ప్యాకెట్లు ఎక్కడ ఇస్తున్నారు, నీళ్లు ఇంకా పెరుగుతాయా తగ్గుతాయా, ఏదీ తెలీదు. డాబా మీద నుంచి డాబా మీదకి అరుచుకునేవాళ్లం. ఒకడు "గండి పూడ్చారంట" అంటే ఇంకొకడు "మళ్లీ వదిలారంట" అనేవాడు. మా అత్తగారు రాత్రంతా మెట్ల మీద కూర్చుని నీళ్లు ఎన్నో మెట్టు దాకా వచ్చాయో చూస్తూ ఉన్నారు.

మూడో రోజు ఎదురు డాబా మీద ఉండే పెద్దాయన ఒక పాత ట్రాన్సిస్టర్ తీసుకొచ్చి గోడ మీద పెట్టారు. రెండు పెన్సిల్ సెల్స్. మా నాలుగు డాబాల వాళ్లం దాని చుట్టూ చేరాం. అందులో వచ్చేది రాష్ట్రమంతటికీ చెప్పే మాట. మా వీధి గురించి ఏమీ లేదు. అయినా ఎవరూ కట్టేయనివ్వలేదు.

మీ స్టేషన్ ఏ పాట వేసినా నాకు అభ్యంతరం లేదు. వరదొచ్చినప్పుడు వీధి పేరు పెట్టి చెప్పగలిగితే చాలు.

—

పాడ్‌కాస్ట్ పిచ్చోడు
15 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:48

సారీ అన్నా. ఇది నాకు తట్టలేదు.

—

గిలకలదిండి (మచిలీపట్నం)
15 సెప్టెంబరు, సాయంత్రం 5:30

తమిళనాడు పాంబన్‌లో కడల్ ఓసై అని 90.4 మీద మత్స్యకారుల రేడియో ఉంది, 2016 నుంచి నడుస్తోంది. మాకు తొమ్మిది వందల కిలోమీటర్లకు పైన తీరం ఉండి అలాంటిది ఒక్కటి ఉన్నట్టు నాకు తెలీదు. చేపలు ఎక్కడ దొరకొచ్చు, అల ఎంత ఎత్తు వస్తుంది అని చెప్పే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది. రోజూ సమాచారం ఇస్తారు. అది ఒడ్డున బోర్డు మీదికో, ఫోన్లోకో వస్తుంది. బోటు లోపలికి వెళ్లాక సెల్ సిగ్నల్ ఉండదు. ఎఫ్ఎం మాత్రం టవర్ ఎత్తుగా ఉంటే అడ్డులేని సముద్రం మీద కొంత దూరం బాగానే వస్తుంది.

ఇంకోటి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు మా వాళ్లు వలలు అల్లుకుంటూ కూర్చుంటారు. కుట్టుమిషన్ అక్క చెప్పినట్టే, చేతులు ఖాళీ లేవు, చెవులు ఖాళీ. మీ సీరియల్‌కి అంతకంటే మంచి శ్రోతలు దొరకరు.

—

రేయింబవళ్లు (దొంగపిండి)
16 సెప్టెంబరు, అర్ధరాత్రి దాటాక 2:50

ఈ టైంలో రాస్తున్నానంటే తెలిసిపోయి ఉంటుంది. రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాను.

భీమవరంలో స్టేషన్ పెట్టి పగలు మాత్రమే నడిపితే మీకంటే అమాయకుడు లేడండి. ఈ చుట్టుపక్కల లోసరి, తుందుర్రు, కాళ్ల, ఆకివీడు, మొగల్తూరు దాకా ఎన్ని చెరువులున్నాయో మీకు తెలుసు. ప్రతి గట్టు మీదా రాత్రంతా ఒక మనిషి మేలుకొని ఉంటాడు. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తగ్గుతుంది. పగలు మబ్బు పడితే ఇంకా మోసం. ఆ టైంలో కరెంట్ పోయి నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే వెంటనే జనరేటర్ వేయాలి. కునుకు పట్టి ఆలస్యమైతే రొయ్య పైకి తేలిపోతుంది. నాలుగు నెలల కల్చర్, లక్షల మేత, ఒక్క నిద్రకి పోతుంది. మా పక్క చెరువాయనకి రెండేళ్ల కిందట అదే జరిగింది. తెల్లారి చూస్తే గట్టు పొడుగునా కొంగలు.

మెలకువ కోసం ఫోన్లో వీడియోలు చూస్తాం. కానీ కళ్లు ఫోన్లో ఉంటే చెరువు ఎవరు చూస్తారు? ఏరియేటర్ చప్పుడు మారితే వినపడాలి కాబట్టి చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకోలేం. గుడిసె గుంజకి వేలాడదీసిన రేడియో అయితే సరిపోతుంది.

నాకు కావాల్సింది ఒక్కటే. రాత్రి పన్నెండు నుంచి ఐదు దాకా మనిషి గొంతు. గంటకోసారి ఊళ్ల పేర్లు పిలవాలి. "లోసరి, ఉన్నారా? దొంగపిండి?" అని. మేం మిస్డ్ కాల్ ఇస్తాం. "దొంగపిండి నుంచి పద్నాలుగు మంది మేలుకొని ఉన్నారు" అని చెప్పండి చాలు. బళ్లో హాజరులాగ. నా పేరు పిలుస్తారంటే నిద్రపోను.

—

మాజీ ఆర్జే
16 సెప్టెంబరు, ఉదయం 9:00

గునుపూడి గారూ, మీ ఫార్మాట్ దొరికింది. ఆరేళ్లలో మేం పెట్టిన మీటింగులన్నిటిలో ఇలాంటిది ఒక్కటి రాలేదు. రాత్రి హాజరు! ఖర్చు ఒక ఆర్జే, ఒక ఫోన్. జపాన్‌లో 1928 నుంచి పొద్దున్నే రేడియోలో వ్యాయామం చెబుతారు, పార్కుల్లో జనం అది విని చేతులూ కాళ్లూ ఊపుతారు. రేడియో చెప్తే మనిషి ఒంటరిగా చేసే పని నలుగురితో కలిసి చేసినట్టుంటుంది. ఇదీ అలాంటిదే.

—

యార్డు తమ్ముడు (గుంటూరు)
16 సెప్టెంబరు, మధ్యాహ్నం 12:40

రాత్రి సంగతి బాగుంది. పగలు రొయ్య ధరలు చెబుదామని మీకు తప్పకుండా ఐడియా వస్తుంది, అందుకే ముందే చెబుతున్నా, జాగ్రత్త.

మిర్చి యార్డులో ఉంటాను. "గుంటూరులో మిర్చి ధర ఇంత" అని ఎక్కడైనా వినగానే మాకు నవ్వొస్తుంది. తేజానా? 341ఆ? ఏసీ (కోల్డ్ స్టోరేజీ) సరుకా, ఈ ఏడాది కాయా? తేమ ఎంత, తాలు ఎంత? ఒకే రోజు ఒకే రకానికి క్వింటాలుకి వేల తేడా ఉంటుంది. పై ధర చెబితే రైతు ఆ ధర కోసం లారీ వేసుకొచ్చి, ఇక్కడ ఏజెంటుతో గొడవ పడి, తిరుగు కిరాయి కూడా పెట్టుకోలేక అమ్ముకుని పోతాడు. మీ రొయ్యల్లో కూడా అంతే కదా, 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు) ధర వేరు, 100 కౌంట్ ధర వేరు, కంపెనీ కంపెనీకీ తేడా.

అసలు ప్రశ్న ఇంకోటుంది. మీకు యాడ్స్ ఎవరిస్తారు? మేత కంపెనీలు, మందుల కంపెనీలు, రొయ్య కొనే ప్లాంట్లు. రేపు ఒక రైతు ఫోన్ చేసి "ఫలానా మేత వేస్తే నా రొయ్య ఎదగలేదు" అంటే ఎయిర్ మీద పెడతారా?

—

గునుపూడి వాసి
16 సెప్టెంబరు, రాత్రి 8:20

నిజం చెప్పమంటారా? పెట్టను. కంపెనీ పేరు వచ్చిన చోట బీప్ వేస్తాను. పదేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను, అన్నం పెట్టేవాడిని మైకులో తిట్టించే ధైర్యం నాకు లేదు.

ధరల విషయం మీరు చెప్పింది రాసుకున్నాను. కొనేవాళ్లు ముగ్గురి దగ్గర, ఏ టైంకి అడిగాం, ఏ కౌంట్‌కి ఎంతన్నారు, అంతే చదివించాలి. "పెరిగింది", "పడిపోయింది" లాంటి మాటలు మావాళ్లు అనకూడదు.

—

స్పెక్ట్రమ్ సుబ్బు
16 సెప్టెంబరు, రాత్రి 8:55

నేను పైన ఇచ్చిన లిస్టులో మార్కెట్ ధరలు పేరు పెట్టి లేవు. లాయర్‌ని అడక్కుండా మొదలుపెట్టకండి. కరెంటు కోతలు, తుపాను హెచ్చరికలు అధికారుల నుంచి వచ్చినవి కాబట్టి నిక్షేపంగా చెప్పుకోవచ్చు. ఊళ్ల హాజరుకి ఏ రూలూ అడ్డు రాదనుకుంటా. మనిషి మేలుకొని ఉండటం ఇంకా వార్త కాలేదు.

బీప్ సంగతి: అదే మీకు ఇబ్బంది అయితే కమ్యూనిటీ రేడియో వైపు చూడండి. వేలం ఉండదు. ప్రసార శక్తి 100 వాట్లు, టవర్ 30 మీటర్ల లోపు. లాభాపేక్ష లేని సంస్థలకీ, విద్యాసంస్థలకీ, కృషి విజ్ఞాన కేంద్రాలకీ ఇస్తారు. మీ పక్కన ఉండిలో కేవీకే ఉంది కదా. ఈ ఏడాది వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో గంటకి 12 నిమిషాలు యాడ్స్ వేసుకోనిస్తున్నారు. సొంత వార్తలు అక్కడా కుదరవు. ప్రోగ్రాముల్లో కనీసం సగం స్థానికులు చేసినవే ఉండాలి.

—

పస్తాపూర్ పక్కూరు (జహీరాబాద్)
17 సెప్టెంబరు, ఉదయం 7:30

కమ్యూనిటీ రేడియో మాట వచ్చింది కాబట్టి మా సంగం రేడియో గురించి చెప్పాలె. మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న మొదలైంది, 90.4. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లే నడుపుతరు. ఎక్కువ మంది దళిత రైతు కుటుంబాల వాళ్లు. రికార్డింగ్, ఎడిటింగ్ అన్నీ వాళ్లవే. కొర్రలు, సామలు, విత్తనం ఎట్ల దాచాలె, నాటు మందులు, పండగ పాటలు.

నేను చెప్పదలచుకున్నవి రెండు. ఒకటి, పొద్దంతా నడపరు, సాయంత్రం పనుల నుంచి ఇంటికొచ్చినంక కొన్ని గంటలు. 24 గంటలు నింపాలన్న రంది పెట్టుకోకండి. రెండు, భాష. మా అవ్వ రేడియోల తన మాట తన యాసలనే విన్నప్పుడు మొదలు నవ్వింది. "గిది మనింటి లెక్కనే మాట్లాడుతుందేందిరా" అన్నది. తెల్లారి నుంచి ఆ టైంకి వాకిట్ల కూసునేది. మీ ఆర్జేలను హైదరాబాద్ నుంచి తెచ్చి గోదారి జిల్లాల "హాయ్ భీమవరం" అనిపిస్తే ఎవరు వింటరు? ఆయ్ అనేటోళ్లను పెట్టుకోండి.

—

డల్లాస్ డబ్బా
17 సెప్టెంబరు, ఉదయం 9:10

మాది వీరవాసరం, ఇరవై ఏళ్లుగా ఇక్కడ. రాత్రి మీకు హాజరు వేసే టైంకి మాకు మధ్యాహ్నం, లంచ్ బ్రేక్. నెట్‌లో కూడా పెట్టండి. మన భీమవరం మావుళ్లమ్మ జాతర రోజుల్లో గుడి దగ్గర ఒక మైకు ఊరికే వదిలేయండి, వ్యాఖ్యానం వద్దు. జనం గోల, జీళ్లమ్మేవాడి కేక, తప్పిపోయిన పిల్లల అనౌన్స్‌మెంట్లు. గంట సేపు వింటాను.

—

కోడిపుంజు
17 సెప్టెంబరు, ఉదయం 9:25

ఆ పిల్లలు ఎవరి తాలూకో డల్లాస్ నుంచి గుర్తుపట్టి చెబుతారు కూడా.

—

గునుపూడి వాసి
12 అక్టోబరు, రాత్రి 10:30

ఆలస్యానికి క్షమించండి. వేలం ఎప్పుడవుతుందో తేలేలోపు చేతులు కట్టుకుని కూర్చోవడం ఎందుకని, ఒక చిన్న పని చేశాను. పది రోజులు మా ఆఫీసు వెనక గదిలో దుప్పట్లు కట్టి, ఒక మైకు కొని, పొద్దున ఆరున్నరకి పావుగంట ఆడియో చేసి వాట్సాప్‌లో వదిలాను. రాత్రి హాజరు మాత్రం గ్రూప్ కాల్‌లో పెట్టాను, అది కుట్టి కుట్టి కాస్త అతుకుల బొంతలా ఉంది. లోసరి, దొంగపిండి, తుందుర్రు, ఈ మూడు ఊళ్లే.

ఆర్జే ఎవరనుకున్నారు? మా ఆటో మైకు ప్రచారంలో పదిహేనేళ్లుగా "రండి బాబూ రండి" అనే కుర్రాడు. కుర్రాడంటే నలభై దాటాడు. మొదటి రాత్రి చీరల సేల్ గొంతుతోనే ఊళ్ల పేర్లు పిలిచాడు, అందరూ నవ్వారు. మూడో రాత్రికి గొంతు దించాడు. నాలుగో రాత్రి రెండింటికి ఒక పెద్దాయన హాజరు పలకలేదు. వీడు మళ్లీ పిలిచాడు. పక్క చెరువు కుర్రాడు టార్చి వేసుకుని గట్టు మీద నడిచి వెళ్లి చూస్తే, ఆయన కుర్చీలో గుర్రు పెడుతున్నాడు. చెరువుకేం కాలేదు. కానీ మర్నాడు ఆ ఊరి నుంచి ఇంకో పదకొండు మంది చేరారు.

ధరలు మూడు రోజులే చదివాం. ఒకాయన "మీ రేటు విని రొయ్యల పట్టుబడి ఆపాను, మర్నాడు తగ్గింది" అని ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు. టీ ఇచ్చి పంపాను. యార్డు తమ్ముడూ, నువ్వే గెలిచావు. లాయర్ దాకా వెళ్లకుండానే ఆపేశాను.

పెద్దమనుషుల్లో ఇద్దరు ఇంకా హిట్ పాటల దగ్గరే ఉన్నారు. మూడో ఆయనకి ముప్పై ఎకరాల చెరువులున్నాయి. ఆయన రాత్రి హాజరు కాల్‌లో పేరు మార్చుకుని వింటున్నాడని మా కుర్రాడు కనిపెట్టాడు.

కథ కూడా పెట్టాం, రోజుకి ఏడు నిమిషాలు. పాలకొల్లు అక్కగారూ, మీకు లింకు పంపాను, ఎలా ఉందో చెప్పలేదు.

—

కుట్టుమిషన్ (పాలకొల్లు)
13 అక్టోబరు, ఉదయం 6:45

కథ బాగుందండి. ఆ అత్తగారి గొంతు ఎవరిదో కానీ మా అత్తగారే అనుకుని ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. ఏడు నిమిషాలు మరీ తక్కువ, ఒక చెయ్యి కూడా అతకదు.

అదలా ఉంచండి. బుధవారం మీరు కరెంట్ కోత పదకొండింటికి అన్నారు. తొమ్మిదిన్నరకే పోయింది. దసరా జాకెట్లు ఆరు పికో కాకుండా ఉండిపోయాయి. మా ఫీడరూ (కరెంటు లైనూ) మీ ఫీడరూ ఒకటి కాదని మా ఆయన అంటున్నారు. పాలకొల్లుకి వేరేగా చదవండి.